పదును చూడని దుక్కి

కొత్తగా వ్యవసాయ శాఖలో చేరుతున్న పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి, మీ సర్వీసులో గొప్పగా పండించిన పంట ఏదని అడుగుతుంటారు. గొప్ప పంటలు రైతులు పండించారు. నేను గట్టు మీద నిలబడ్డాను, అంతే. చెడగొట్టిన పంట మాత్రం ఒకటుంది. అది అచ్చంగా నాదే. కాబట్టి దాని గురించే చెబుతాను. ఇందులో ఎవరి పేర్లూ చెప్పను. ఉన్నవాళ్లకు ఇబ్బంది, పోయినవాళ్లకు అక్కర్లేదు.

రాష్ట్రం ఏర్పడి నాలుగైదేళ్లయిన రోజులవి. మార్కాపురం, గిద్దలూరు తాలూకాలు అప్పటికి కర్నూలు జిల్లాలోనే ఉన్నాయి. ఒంగోలు వైపు నల్లరేగడిలో పుట్టి పెరిగిన నన్ను, శిక్షణ పూర్తి కాగానే గ్రామసేవకుడిగా కంభానికీ మార్కాపురానికీ నడుమ ఉన్న ఒక బ్లాకులో వేశారు. నా వయసు ఇరవై మూడు. నా కింద పది ఊళ్లు, నా దగ్గర ఒక సైకిలు, ఒక డైరీ. ఎరువు గుంతలు తవ్వించాలి, పొగ రాని పొయ్యిలు కట్టించాలి, పశువులకు టీకాలు వేయించాలి, సాయంత్రానికి జరిగినవన్నీ డైరీలో రాయాలి. జరగనివి కూడా రాయాలని కొన్నాళ్లకు తెలిసింది.

ఆ తెలివి నేర్పినవాడు నాతో గది పంచుకున్న మరో గ్రామసేవకుడు. గిద్దలూరు వైపు మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద. అన్నా అని పిలిచేవాణ్ణి. సాయంత్రం ఊళ్లు తిరిగొచ్చి, కాళ్లు ఉప్పునీళ్ల బకెట్లో పెట్టుకుని, కళ్లు మూసుకుని మాట్లాడేవాడు. "ఈ ఉద్యోగమంతా రోడ్డు పక్క చేను, తమ్ముడూ. లోపలి చేను ఎవురు చూసేది?" అనేవాడు. నేను నవ్వేవాణ్ణి. నేను అలాంటివాణ్ణి కాననుకునేవాణ్ణి.

ఆ ఏడు వానాకాలం నడుమ జిల్లా నుంచి మా బ్లాకుకు బఠాణీ విత్తనాలు వచ్చాయి. ఆ ఊళ్లలో బఠాణీ అంటే తిరునాళ్లలో పొట్లం కట్టి అమ్మే వేయించిన గింజే. అది చేలో మొలుస్తుందన్న సంగతి ఎవరికీ తట్టేది కాదు. చలికాలంలో విత్తించండి, రోడ్డు పక్క పొలం చూసి ప్రదర్శన క్షేత్రం పెట్టండి, బోర్డు నాటండి అని ఉత్తర్వు. మా వ్యవసాయ విస్తరణాధికారి ఆ పని నాకు అప్పగించాడు. ఆయన మెత్తని మనిషి. కడుపులో పుండు ఉండేది. మధ్యాహ్నం అటుకులు, మజ్జిగ తప్ప ఏమీ తినేవాడు కాదు. ఎవరి మీదా గొంతు పెంచేవాడు కాదు. పెంచాల్సిన చోట కూడా.

అదే వారం ఒకావిడ వచ్చి ఆఫీసు మెట్ల మీద కూర్చుంది. నలభై అయిదేళ్లుంటాయి. ఎండకు నల్లబడిన మొహం, అరచేతుల నిండా కాయలు. పక్క ఊరి నుంచి నడిచి వచ్చిందట.

"మా చేన్లో మడక దిగదు అబ్బాయా. జారిపోతాంది. మీ దగ్గర ఇనప మడక ఉందంట గదా, ఒక దినం ఇస్తారేమోనని వచ్చినా" అంది. నాగలిని అక్కడ మడక అంటారు.

ఆమె కథ కొంచెం కొంచెంగా తెలిసింది. వాళ్లకున్నది రోడ్డు పక్క రెండున్నర ఎకరాలు. ఆ రోడ్డు వేసేటప్పుడు కంకర కుప్పలు, లారీలు, రోడ్డు రోలరు, కూలీల గుడారాలు అన్నీ ఆ చేలోనే పెట్టారు. పని అయ్యాక దున్నించి అప్పజెబుతామన్నారు. రెండేళ్లకు రోడ్డయింది, వాళ్లు వెళ్లిపోయారు, దున్నించినవాడు లేడు. ఆ రెండేళ్లూ ఆమె ఆ రోడ్డు పనిలోనే తట్టలు మోసి ఇల్లు నడిపింది. రోడ్డుతో పాటు ఆ కూలి కూడా అయిపోయింది. భర్త చాలా ఏళ్లు మార్కాపురం పలకల గనుల్లో పనిచేశాడు. రాతిపొడి ఛాతీలో చేరి మంచం పట్టాడు. ఇంటికి మిగిలింది ఆమె రెక్కలూ ఆ నేలా.

వెళ్లి చూశాను. అంతకుముందు రోజు పడిన జల్లు నీళ్లు పళ్లెంలో పోసినట్టు పైనే నిలిచి ఉన్నాయి, ఒక్క చుక్క లోపలికి ఇంకలేదు. గొర్రెల మంద ఒకటి అడ్డంగా నడిచిపోతుంటే బండ మీద నడిచినట్టు డెక్కల చప్పుడు వినిపించింది. మడమతో గుద్దాను. నా మడమే నొప్పి పుట్టింది.

ఇవన్నీ చూశాను గానీ, నిజానికి నాకు కనిపించింది ఒక్కటే. చేను రోడ్డు పక్కన ఉంది. జీపులోంచి దిగకుండానే కనబడుతుంది. బోర్డుకు ఇంతకంటే మంచి చోటు పది ఊళ్లలో లేదు.

"ఇందులో బఠాణీ వేద్దాం పెద్దమ్మా. విత్తనం మేమే ఇస్తాం, నాగలి మేమే తెస్తాం" అన్నాను.

"నేనొక మూల గీక్కొని ఇంత కొర్ర చల్లుకుందామనుకుంటి. కొత్త పంట అంటే ఇంటాయన్ను అడగాల" అంది.

ఆమె భర్త వసారాలో నులక మంచం మీద గోడకు ఆనుకుని కూర్చున్నాడు. నాలుగు మాటలకొకసారి ఊపిరి కోసం ఆగేవాడు. నా మాటలన్నీ విన్నాడు.

"ఏ పంటయితే ఏముంది నాయనా. ముందు నేల గుల్ల కావాల. పైన దున్నితే చాలదు, జానెడు కింద పలక పడింటాది. నేను ముప్పై ఏండ్లు పలక తవ్వినోణ్ణి, నాకు తెల్దా? పెంటెయ్యాల, చెరువు మట్టి తోలాల, వేరు లోతుకు దిగే పైరు ఒకటి ఏసి దున్నేయాల. ఈ ఏడు కాకుంటే పైయేడు" అన్నాడు.

నేను తల ఊపాను. పైయేడుకు నా దగ్గర ఉత్తర్వు లేదు.

ముందు పొడినేలలోనే ఇనుప నాగలి దించి చూశాం. రెండు జతల ఎద్దులు పూన్చాం. నాలుగు బారలు పోయేసరికి నాగలి కర్రు విరిగింది. ఒక ఎద్దు మోకాళ్ల మీద కూలబడింది. పెద్దమ్మ దాని మెడ నిమురుతూ, "ఇడిచిపెట్టండి, పాపం" అని మాత్రం అంది. వాన కోసం ఆగాం.

వాన దసరా ముందు వచ్చింది. రెండు రోజులు దంచి కొట్టింది. ఎన్ని గంటలకో గాని నీళ్లు నేలలోకి దిగలేదు. అదే సమయానికి మా ఆఫీసుకు ఒక కబురు వచ్చింది. వచ్చే నెల జిల్లా నుంచి పెద్ద అధికారి పర్యటన. బఠాణీ క్షేత్రం చూస్తాడు. విస్తరణాధికారి నన్ను పిలిచి, మజ్జిగ గ్లాసు చేతిలో పట్టుకుని, "అప్పటికి పైరు జానెడన్నా ఉంటే బాగుంటుందోయ్" అన్నాడు. ఆజ్ఞాపించలేదు. ఆయన ఎప్పుడూ అంతే.

వాన వెలిసిన మర్నాడు పొద్దున్నే, కొత్త కర్రు వేయించిన నాగలి బండిలో వేసుకుని వెళ్లాను. పెద్దమ్మ ఎదురొచ్చింది. "నాలుగు దినాలు ఆగమంటాండాడు అబ్బాయా. పదును రాలేదంట" అంది.

పదును అంటే ఇప్పటి పిల్లల్లో కొందరికి తెలియకపోవచ్చు. దుక్కికి తగినంత తడి, ఎక్కువా కాదు, తక్కువా కాదు. నేను మంచం దగ్గరికి వెళ్లాను. ఆయన చేని మట్టి పిడికెడు తెమ్మన్నాడు. తెచ్చి ఇచ్చాను. అరచేతుల నడుమ పెట్టి నలిపాడు. అది దీపం వత్తిలాగా పొడుగ్గా సాగింది.

"సూడు, వత్తి అయితాంది. ఇప్పుడు దున్నితే నేల పగలదు, కోసుకుంటాది. నాగలి అడుగున ఇంకా గట్టిగా మెత్తుకుంటాది. ముద్దజేసి ఇడిస్తే పొడిపొడిగా రాలాల. అప్పుడు దున్ను" అన్నాడు.

"నాలుగు రోజులాగితే మళ్లీ రాయి అయిపోతుంది పెద్దనాయనా. మెత్తగా ఉన్నప్పుడే నాగలి దిగుతుంది. మాకు శిక్షణలో చెప్పారు" అన్నాను.

శిక్షణలో ఎవరూ అలా చెప్పలేదు. తడినేల దున్నవద్దనే చెప్పారు. ఆ నోటు పుస్తకం నా పెట్టెలోనే ఉంది. ఆ పూట నేను వేళ్ల మీద రోజులు లెక్కపెట్టుకుంటున్నాను: దున్నకం, విత్తడం, మొలక, జానెడు పైరు, జీపు. అందులో నాలుగు రోజులకు చోటు దొరకలేదు.

ఆయన నా మొహం చూసి గోడవైపు తిరిగాడు. పెద్దమ్మ ఒకసారి ఆయన్ను, ఒకసారి నన్ను చూసింది. "సర్కారు మనిషి చెప్తాండాడు గదా, సదువుకున్నోడు" అంది మెల్లగా. ముప్పై ఏళ్లు కాపురం చేసిన మనిషి మాట పక్కన పెట్టి ఆమె నా మాట వింది. నాకు అప్పుడది గర్వంగా అనిపించింది.

నాగలి దిగింది. ఎంత బాగా దిగిందంటే, జున్ను కోసినట్టు పెళ్లలు పెళ్లలుగా, నిగనిగలాడుతూ నేల తిరగబడింది. ఎద్దుల డెక్కలు పడిన ప్రతి గుంటలో నీళ్లు ఊరాయి. నాగలి పట్టినవాడు ఒకసారి ఆగి, "ఇట్ల మెరవగూడదు సామీ నేల" అన్నాడు. కానీయమన్నాను. మర్నాడు సాయంత్రానికి రెండున్నర ఎకరాలూ అయిపోయాయి. రోడ్డు మీద నిలబడి చూసుకుని, ఈల వేసుకుంటూ సైకిలెక్కాను.

తర్వాత ఎనిమిది రోజులు ఒకటే ఎండ. నిగనిగలాడిన పెళ్లలన్నీ ఎండి ఇటుకలయ్యాయి. బెడ్డలు చితికేందుకు గుంటక తోలితే వాటి మీద ఎగిరెగిరి పడింది. చివరికి సమ్మెటలు, గడ్డపారలు పట్టుకుని దిగాం. పెద్దమ్మ, ఆమె చుట్టాలు ఇద్దరాడవాళ్లు, నేను. ఒక్కో బెడ్డ నాలుగు దెబ్బలకు రెండు ముక్కలయ్యేది. మూడో రోజుకు నా చేతుల బొబ్బలు పగిలాయి. పెద్దమ్మ తన కొంగు చించి కట్టింది. తను మాత్రం ఉత్త చేతులతోనే కొట్టింది. అయిదు రోజులు కొట్టినా బెడ్డలు కొబ్బరికాయ సైజు నుంచి పిడికిలి సైజుకు వచ్చాయి, అంతే. బఠాణీకి మెత్తగా చితికిన దుక్కి కావాలి. నాకది తెలుసు. తెలిసే విత్తించాను, ఎందుకంటే ఒక చిన్న జల్లు పడింది, ఇక రోజులు లేవు.

విత్తిన రెండో రోజు పెద్ద వాన. బెడ్డల సందుల్లోని మన్ను కరిగి పైన పొరలా పరుచుకుంది. ఎండకు ఆ పొర అప్పడంలా గట్టిపడింది. కింద జానెడు లోతున పెద్దనాయన చెప్పిన పలక, దాని మీద నేను తడిలో మెత్తించిన ఇంకో పలక. నీళ్లు కిందికి పోలేదు, మొలక పైకి రాలేదు. రోజూ పొద్దున్నే సైకిలు మీద పోయి చూసేవాణ్ణి. పదకొండో రోజు పుల్లతో తవ్వితే గింజలు ఉబ్బి, తోలు జారి, చేతికి జిగటగా అంటుకున్నాయి. కుళ్లిన వాసన. పది గింజలకు ఒకటి మొలిచింది. మొలిచినవి కూడా పసుపు పూసుకున్నట్టు పాలిపోయి, నేలను కరుచుకుని ఉన్నాయి. ఆ చేలో బోర్డు ఒక్కటే నిటారుగా ఉంది. "బఠాణీ ప్రదర్శన క్షేత్రం" అని తెల్లరంగు మీద నీలి అక్షరాలు.

పెద్దమ్మ నన్ను ఒక్క మాట అనలేదు. "ఇంక మొలుస్తాయంటావా అబ్బాయా" అని రెండుసార్లు అడిగింది. మొలుస్తాయన్నాను. మూడోసారి అడగలేదు.

పర్యటన రెండు రోజులుందనగా గదిలో అన్నకు చెప్పుకున్నాను. బకెట్లో కాళ్లు కదపకుండా విన్నాడు.

"పక్క చేన్లో ఏముంది?"

"అలసంద. బాగుంది."

"పచ్చగా ఉందా?"

"ఉంది."

"బోర్డు పీకి అందులో పాతు."

నేను నోరు తెరిచి చూశాను. ఆయన కళ్లు తెరవలేదు. "జీపు ఎంతసేపు ఆగుతాది తమ్ముడూ, అయిదు నిమిషాలు. ఆయప్పకు అలసంద తెల్దు, బఠాణీ తెల్దు. నేను రెండుసార్లు నిజం చెప్పి రెండుసార్లు ట్రాన్స్‌ఫరైనా. నా పెండ్లాం నా మొహం చూసి ఏడాదయింది. నీ ఇష్టం" అన్నాడు.

విస్తరణాధికారికి కూడా చెప్పాను. ఆయన చాలాసేపు మజ్జిగ గ్లాసులోకి చూశాడు. "బోర్డు ఎక్కడుంటే అదే గదటోయ్ క్షేత్రం. నేనేం చూడలేదు" అన్నాడు.

బోర్డు పీకాను. నేనే. పక్క చేని రైతు నవ్వి, "పాతుకోపో, నా అలసందకు పరువొస్తాది" అన్నాడు.

ఆ రోజు పొద్దున పదింటికి జీపు వచ్చింది. పెద్ద అధికారి దిగాడు, వెనక మా బ్లాకు అధికారి, విస్తరణాధికారి, ఫోటో తీసేవాడు. రైతు తరఫున ఎవరైనా ఉండాలని పెద్దమ్మను రమ్మన్నాను. ఎందుకని అడగలేదు, ఉతికిన చీర కట్టుకుని వచ్చి నిలబడింది. అధికారి అలసంద ఆకు ఒకటి తుంచి, నలిపి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. "బఠాణీ వాసనే వేరు" అన్నాడు. విస్తరణాధికారి తన చెప్పుల వైపు చూసుకున్నాడు.

అధికారి పెద్దమ్మ వైపు తిరిగి అడిగాడు. "ఏమమ్మా, కొత్త పంట ఎలా ఉంది? గ్రామసేవకుడు బాగా పనిచేశాడా?"

ఆమె నా వైపు చూసింది. ఆ చూపులో కోపం లేదు. ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనుకుంటాను. నిజం చెబితే ఈ పిల్లోడికి ఏమవుతుందోనని ఒక్క క్షణం లెక్క వేసుకున్నట్టుగా ఉంది.

"బాగుందయ్యా. ఈ అబ్బాయి శానా పాట్లు పడినాడు. సేతులు కూడా పగిలినాయి" అంది.

అధికారి నా భుజం తట్టాడు. నేను బోర్డు పక్కన నిలబడి ఫోటో దిగాను. పగిలిన చేతులు వెనక్కి పెట్టుకున్నాను. నిజం చెప్పడానికి నాకు అయిదు నిమిషాలున్నాయి. జీపు వెళ్లిపోయింది.

పెద్దమ్మ గట్టు దాటి తన చేలోకి వెళ్లింది. పాలిపోయిన మొక్క ఒకటి పీకి, వేరు చూసి, పారేసింది. అది లోతుకు దిగలేక అడ్డంగా వంకర తిరిగి ఉంది. తర్వాత నా దగ్గరికి వచ్చి, "ఆయన నిన్ను రమ్మన్నాడు" అంది.

వెళ్లాను. ఆయన మంచం మీద కూర్చునే ఉన్నాడు. కూర్చోమనలేదు, పొమ్మనలేదు.

"మా చేన్ను రెండేండ్లు లారీలు తొక్కినాయి. మూడో ఏడు నువ్వు తొక్కినావు. లారీలోళ్లకు తెల్దు నాయనా. నీకు చెప్పినా" అన్నాడు.



"మేం ఎట్లనో ఎల్లదీస్తాం. ఆమె మళ్లా కూలికి పోతాది. నువ్వు ఒక పని చెయ్యి. ఆ బోర్డు తెచ్చి మా చేన్లో పాతు." కొంచెంసేపు ఊపిరి తీసుకున్నాడు. "నువ్వు తడిలో దున్నింది రోడ్డు మీద పోయేటోళ్లంతా చూసినారు. ఇప్పుడు బోర్డు కాడ పచ్చగుంటే ఏమనుకుంటారు? తడిలో దున్నితే బాగా పండుతాదనుకుంటారు. పైయేడు పదిమంది చేస్తారు. వాళ్ల చేండ్లు కూడా మా చేను మాదిరే కావాల్నా?"

ఆ సంగతి నాకు తట్టనే లేదు. నా పరువు, నా ఉద్యోగం, జీపు, ఇవే చూశాను. దారిన పోయే రైతు బోర్డును నిజంగా నమ్మి చదువుతాడని నేను ఊహించలేదు. ఆ బోర్డును నమ్మనివాణ్ణి ఆ చుట్టుపక్కల నేనొక్కణ్ణే.

ఆ సాయంత్రమే బోర్డు పీకి తెచ్చి పెద్దమ్మ చేలో పాతాను. మర్నాడు ఒక డబ్బా రంగు కొని, కింద ఇంకో వరుస రాశాను. "తడిలో దున్నినందువల్ల మొలవలేదు." రోడ్డు మీద పోయే బండ్లు ఆగాయి. చదువు వచ్చినవాళ్లు రానివాళ్లకు చదివి చెప్పారు. కొందరు నవ్వారు. ఒక ముసలాయన చేలోకి దిగి బెడ్డ ఒకటి చేతిలోకి తీసుకుని చూసి, నన్ను కింది నుంచి పైదాకా చూసి వెళ్లిపోయాడు.

వారం తిరక్కుండా మా బ్లాకు అధికారి ఆ దారిన వెళ్లాడు. నాకు మెమో వచ్చింది. ప్రభుత్వ బోర్డుపై అనుమతి లేని రాతలు ఎందుకు రాశావో సంజాయిషీ ఇమ్మన్నారు. ఉన్నదున్నట్టు నాలుగు పేజీలు రాశాను. బోర్డు మార్చింది నేనేనని రాశాను. అన్న పేరు, విస్తరణాధికారి పేరు రాయలేదు. విస్తరణాధికారి అది చదివి, "ఇంత రాయకూడదోయ్. నిజం ఒక్క పేజీలో ఉండాలి" అని మూడు పేజీలు చింపి నా చేతికిచ్చాడు. మిగిలిన పేజీ పైకి పంపాడు. నన్ను ప్రదర్శన క్షేత్రాల పని నుంచి తప్పించి, ఎరువు గుంతలకూ పొగ రాని పొయ్యిలకూ వేశారు. ఫోటో మాత్రం జిల్లా పత్రికలో అచ్చయిందని విన్నాను. నేను చూడలేదు.

ఆ తర్వాతి ఏడాదంతా పొద్దున డ్యూటీకి ముందు ఆ చేలోకి పోయేవాణ్ణి. ఎవరూ పొమ్మనలేదు, పెద్దమ్మ కూడా రమ్మనలేదు. మొదటి నెల నాతో పెద్దగా మాట్లాడేదీ కాదు. ఆమె కూలికి పోయేముందు ఓ గంట, నేను సైకిలెక్కేముందు ఓ గంట, ఇద్దరం గడ్డపారలతో ఆ పలకను పగలగొట్టేవాళ్లం. ఎండాకాలానికి అర ఎకరం అయింది. చెరువు ఎండినప్పుడు పక్క చేని రైతు బండి ఇచ్చాడు, పూడికమట్టి తోలాం. వేసవి వానకు చేను మొత్తం జనుము చల్లాం. జనుము వేరు మొండిది, ఎక్కడ సందు దొరికితే అక్కడ దిగుతుంది. నడుము ఎత్తు పెరిగి పూతకు రాగానే అక్కడికక్కడే దున్నేశాం. మంచి పైరు దున్నేస్తుంటే పెద్దమ్మకు ప్రాణం ఒప్పలేదు. "పసరాలకు మేతన్నా ఏసేదాన్ని" అని గొణిగింది. మంచం మీది మనిషి చెప్పాడు కాబట్టి ఒప్పుకుంది.

దసరా వానలు మళ్లీ వచ్చాయి. ఈసారి నేను నోరెత్తలేదు. వాన వెలిసిన మర్నాటి నుంచి పెద్దమ్మ రోజూ పొద్దున చేని మట్టి పిడికెడు కొంగున కట్టుకుని తెచ్చేది. ఆయన దాన్ని ముద్ద చేసి మంచం మీంచి కింద విడిచేవాడు. మొదటి రోజు ముద్ద చదునుగా అతుక్కుంది. "ఊహూ" అన్నాడు. రెండో రోజు మూడు ముక్కలైంది. "ఊహూ." మూడో రోజు నాకు ఓపిక పోయింది, ఆకాశంలో మళ్లీ మబ్బు పట్టింది. ఇంకో వాన పడితే మళ్లీ మొదటికొస్తుంది. ఆయన ఆ మబ్బు వంక చూసి, "పడితే పడనీ" అన్నాడు. పడలేదు. అయిదో రోజు ఆయన చేతిలోంచి జారిన ముద్ద నేలను తాకగానే పొడిపొడిగా చెదిరిపోయింది. "పోండి" అన్నాడు.

నాగలి వెనక నేల విచ్చుకుంటూ వచ్చింది. నిగనిగలాడలేదు. చేత్తో ఎత్తితే వేళ్ల సందుల్లోంచి రాలింది. పెద్దమ్మ సాలులో కూర్చుని మోచెయ్యి దాకా చెయ్యి లోపలికి పోనిచ్చి, తీసి, మళ్లీ పోనిచ్చింది. కాసేపు అలాగే కూర్చుంది. నేను అటు తిరిగి నిలబడ్డాను.

విత్తనం ఎక్కడిదంటారా? విస్తరణాధికారి తన బీరువా వెనక నుంచి చిన్న సంచి తీసి నా సైకిలుకు తగిలించాడు. "కిందటేడు మిగిలింది. నేనివ్వలేదు" అన్నాడు. తవ్వి గుల్ల చేసిన అర ఎకరంలోనే బఠాణీ వేశాం, మిగతా దాంట్లో కొర్ర. బఠాణీ వరసగా మొలిచింది. చలికి తెల్లగా పూసింది. ఫోటో తీయడానికి ఎవరూ రాలేదు. బోర్డు కూడా లేదు, అప్పటికే దాన్ని ఆఫీసువాళ్లు తీసుకుపోయారు.

మొదటి కాయలు కోసిన రోజు పెద్దమ్మ గింజలు ఒలిచి, ఉప్పేసి ఉడకబెట్టి మా ముగ్గురికీ ఆకుల్లో పెట్టింది. పెద్దనాయన నాలుగు గింజలు నోట్లో వేసుకుని, నెమ్మదిగా నమిలి, మింగాడు. మేమిద్దరం ఆయన మొహమే చూస్తున్నాం.

"ఇంతేనా? అనుములే నయం" అన్నాడు.

పెద్దమ్మ నవ్వింది. ఆమె నవ్వడం నేను అదే మొదటిసారి చూశాను. ఆయనా నవ్వబోయి దగ్గులో పడ్డాడు. చాలాసేపు దగ్గాడు. నేను వీపు రాస్తూ కూర్చున్నాను.

ఆయన ఆ ఎండాకాలం దాటలేదు. నేను దినానికి వెళ్లాను. పెద్దమ్మ నాకు అందరితో పాటు అన్నం పెట్టింది. బఠాణీ గురించి మేం మళ్లీ మాట్లాడుకోలేదు. జిల్లా నుంచి ఆ విత్తనాలు మళ్లీ రాలేదు, వచ్చినా ఆ ఊళ్లో ఎవరూ అడిగేవాళ్లు కాదనుకుంటాను. ఆమె నన్ను క్షమించిందో లేదో నేను అడగలేదు. ఏడాదికి పైగా పక్కపక్కన మట్టి తవ్విన మనుషులు అలాంటివి అడుక్కోవడం కష్టం. అదీగాక, ఆమె అప్పటికే అలసిపోయి ఉంది. నేనూ అలసిపోయాను. ఇరవై అయిదేళ్లకే నాకు ఈ ఉద్యోగంలో ముసలితనం వచ్చింది.

ఆ వానాకాలమే నన్ను గిద్దలూరు అవతల అడవి అంచు ఊళ్లకు మార్చారు. సైకిలు బస్సు పైన కట్టించి ఎక్కాను. అన్న బస్టాండు దాకా వచ్చి, "మా ఊరు పక్కనే, మా ఇంట్లో చెప్పు, బాగున్నానని" అన్నాడు. బస్సు కొత్త రోడ్డు మీద ఆ చేను పక్కనుంచే పోయింది. వాన పడి నాలుగు రోజులైంది. పెద్దమ్మ గొర్రు వెనక జొన్న విత్తుతూ నడుస్తోంది. కిటికీలోంచి చెయ్యి బయటపెట్టి పిలుద్దామనుకున్నాను. ఆమె చూపు సాలు మీద ఉంది. తలెత్తలేదు. పిలవలేదు నేను.